బ్యాంకు మెట్ల దగ్గర మిరపకాయ మేడం

లైబ్రరీకి వచ్చేవాళ్లు లైబ్రేరియన్‌ను వెనకాల మిరపకాయ అనేవారు, ఎదురుగా మేడం అనేవారు. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. "కారం లేకపోతే మీలో ఒక్కరైనా పుస్తకం తిరిగి తెచ్చిస్తారా?" అని అందరి ముందే అనేసేది.

ఆమెకు పుస్తకాల పిచ్చి అంటించింది అక్క. పోలియోతో అక్కకు చిన్నప్పుడే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. బడికి పంపలేదు, నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. చెల్లెలు బడినుంచి రాగానే సంచి లాక్కుని, పాఠం ముందు తను చదివేసి, తర్వాత చెల్లెలికి చెప్పేది.

పాత లైబ్రరీ ఒక అద్దె గది. వానొస్తే కారేది. కానీ దాని గుమ్మం వీధితో సమంగా ఉండేది. అక్క చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ రోజూ వచ్చి, కిటికీ పక్కన కూర్చునేది.

ఏళ్ల తరబడి మూతపడి ఉన్న పాత బ్యాంకు భవనాన్ని లైబ్రరీకి ఇచ్చారని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది మిరపకాయే. రాతి స్తంభాలు, క్యాషియర్ల ముందు ఇత్తడి ఊచలు, నేలమాళిగలో డబ్బు దాచిన ఇనుప గది. అన్నీ బాగున్నాయి. వీధిలోంచి గుమ్మానికి మాత్రం నిటారుగా రాతి మెట్లు. "మెట్లెక్కలేని వాళ్ల సంగతేంటి?" అని ఆమె అడిగినప్పుడల్లా ఇంజనీరు "చూద్దాం మేడం" అనేవాడు.

ప్రారంభం రోజున అక్క కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. మెట్ల దగ్గర ఆగిపోయింది. కాపలావాడు జాలిపడి, "ఎత్తుకెళ్లి లోపల పెట్టేస్తానమ్మా" అన్నాడు.

"పెట్టడానికి నేనేమన్నా బీరువానా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు. కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. పైన గుమ్మంలో, రిబ్బను కత్తెర పళ్లెం పట్టుకుని నిలబడ్డ చెల్లెలికి ఒళ్లు మండిపోయింది. పళ్లెం పక్కవాడి చేతిలో పెట్టి, తిన్నగా భవన సంరక్షణ కమిటీ అధ్యక్షుడి ముందుకెళ్లింది.

"ఆ మెట్లు చరిత్రమ్మా. ఒక్క రాయి కదిపినా పాడైపోతుంది," అన్నాడాయన. "వెనక తలుపుంది కదా, అటు రమ్మనండి."

వెనక తలుపు మరుగుదొడ్ల పక్కన, చెత్త డబ్బాల మధ్య ఉంది.

"మీ చరిత్రకి కాళ్లున్నాయి కాబట్టి ముందునుంచి వస్తుంది. మా అక్కకి లేవు కాబట్టి చెత్తలోంచి రావాలా?"

మర్నాడు ఆమె బల్ల, బెంచీలు, పత్రికల స్టాండు బయటికి మోయించి, మెట్ల కింద వేసింది. "పైకి ఎక్కగలిగినవాళ్లు ఎక్కండి. మిగతావాళ్లకి లైబ్రరీ ఇదే." అక్క వచ్చింది. మోకాళ్లు అరిగిపోయిన రిటైర్డ్ డ్రైవరు, నెలలు నిండిన దర్జీ అమ్మాయి కూడా వచ్చారు. మెట్లు చూసి, ఎవరికీ చెప్పకుండా వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఇంతమందా అని ఆమెకు ఇంకా కోపం వచ్చింది. పై ఆఫీసునుంచి మెమో వస్తే, మడిచి ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు అధ్యక్షుడు గొడుగేసుకుని పరుగున వచ్చాడు.

"పుస్తకాలు తడిసిపోతున్నాయి! మీకసలు బాధ్యతుందా?"

"మనుషులు తడుస్తుంటే మీ కళ్లకి ఆనలేదా?" అంది. పక్కనే అక్క, ఒళ్లో పుస్తకం మీద పైట కప్పి, ఆయనకేసి రెప్పవేయకుండా చూస్తోంది. ఆయన చెమ్మగిల్లిన బెంచీ మీద డ్రైవరు చేతికర్ర చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

చివరికి మెట్ల వెడల్పులో సగం మేర, రాయి ముట్టుకోకుండా, వీధిలోకి పొడుగ్గా సాగేలా చెక్కలతో వాలుబాట వేశారు. అదే వారంలో మిరపకాయను నేలమాళిగలోని ఇనుప గదికి, చిరిగిన పుస్తకాలు అతికించే పనికి మార్చారు. అది శిక్షేనని అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. పళ్లు కొరుక్కుంటూ జిగురు కలిపింది.

అక్క మొదటిసారి లోపలికి వచ్చిన రోజు పైనుంచి పెద్ద కేక వినిపించింది. జిగురు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. హాలు నడిమధ్య అక్క తలెత్తి, రంగు అద్దాల పైకప్పు వంక చూస్తోంది. కళ్ల నిండా నీళ్లు.

"ఇంత అందాన్ని ఇన్నాళ్లూ నాకు కనబడకుండా దాచారే దరిద్రులు!"

చదువుకునేవాళ్లందరూ తలలు తిప్పారు. లైబ్రరీలో అరవకక్కా అని చెప్పబోయి, చెల్లెలు మానుకుంది.