ఇస్మేత్ ఊదిన ఊపిరి

ముప్పై ఒక్క ఏళ్ళ నర్సు ఉద్యోగంలో నెవ్‌జెతకి దక్కిన మెచ్చుకోలు కాగితం ఒకటే. బోస్నియా కొండల్లోని ఆ బొగ్గుగని దవాఖానాలో, మందుల బీరువా పక్కన, అద్దం బిగించి వేలాడుతుండేది. చుట్టుపక్కల గనులన్నిటికంటే చవగ్గా ఊపిరి పరీక్షలు చేసినందుకు అని దాని మీద రాసి ఉంది. పక్క గనిలో మనిషికి పదకొండు మార్కులు, అంటే అక్కడి డబ్బు, ఖర్చవుతుంటే ఈమె దగ్గర నాలుగే. డైరెక్టరు ఆ కాగితం చేతికిస్తూ, "సిస్టర్, ఈ గుట్టు పక్క గనివాళ్ళకి చెప్పకండి," అన్నాడు. ఆమె చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు.

ఆ పరీక్షలో ఖర్చు ఎక్కడవుతుందని కూర్చుని ఆలోచించిన మనిషి ఆవిడొక్కతే. మిషను ఎప్పటిదో. దానికి కొత్తగా పెట్టేదేమీ లేదు. మనిషికొక అట్ట గొట్టం, దాని వెనక ఒక వడపోత బిళ్ళ కావాలి. ఒకరు ఊదినవి ఇంకొకరికి పనికిరావు. అదీ పెద్ద ఖర్చు కాదు. మిషను ఒప్పుకోవాలంటే ఒకదానికొకటి సరిపోయేలా మూడుసార్లు ఊదాలి. గట్టివాడికి అయిదు నిమిషాల పని. రొమ్ములో బొగ్గు చేరినవాడు సగంలో దగ్గుతాడు, నీళ్ళడుగుతాడు, మళ్ళీ మొదలెడతాడు. ముప్పావు గంట పోతుంది. డబ్బు తినేది మిషను కాదు, ఊపిరాడని మనిషి.

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని దవాఖానా గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఊపిరి పరీక్ష తప్పినవాణ్ణి మాత్రం సగం జీతం మీద పైకి, దీపాలు తుడిచే గదిలోకి పంపేవారు. గని లోపల చేసిన ఏడాది పింఛనుకి ఏడాదిన్నరగా లెక్క, పైన చేసిన ఏడాది ఏడాదే. మహాభాగ్యం సంగతి ఎలా ఉన్నా, ఆ గదిలోకి పోవడానికి ఎవడూ సిద్ధంగా లేడు.

ఒక వసంతంలో ఆమె తమ్ముడు జియాద్ మిషను ముందు కూర్చున్నాడు. పొట్టివాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నలభై ఒకటి. ఎనిమిదిసార్లు ఊది, ఎనిమిదిసార్లూ దగ్గాడు. వెనక వరసలో ఇస్మేత్ నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పైమాటు మనిషి, గని బ్యాండులో పెద్ద బాకా ఊదుతాడు. పండుగనాడు అతను ఊదితే ముందు వరసలో డైరెక్టరు టై కదిలేదని చెప్పుకునేవారు.

"ఆ గొట్టం ఇటివ్వు చెల్లెమ్మా. మిషను ఆకలితో చచ్చేట్టుంది," అన్నాడు ఇస్మేత్.

నెవ్‌జెత తమాషాకే ఇచ్చింది. అతను మూడుసార్లు ఊదాడు. మిషనులో ఉన్నది జియాద్ పేరు, జియాద్ ఎత్తు. ఆ ఎత్తు మనిషికి ఉండాల్సిన ఊపిరిలో నూట ఇరవై నాలుగు శాతం అని కాగితం బయటికి వచ్చింది.

"ఒరే పొట్టోడా, నీలో గుర్రం ఉందిరా," అన్నాడు ఇస్మేత్.

అందరూ నవ్వారు. జియాద్ నవ్వలేదు. అక్క వైపు చూశాడు. ఆమె ఆ కాగితం చించాల్సింది. ఫైల్లో పెట్టింది.

మరుసటి వసంతానికి ఇలా ఊదించుకునేవాళ్ళు జియాద్‌తో కలిపి పదకొండుమంది తేలారు. అందరికీ కలిపి ఒకే గొట్టం, ఒకే బిళ్ళ, ఒకే ఇస్మేత్. మనిషికి నాలుగు నిమిషాలు. అతనికి మాంసం కూరిన పొరల రొట్టె, బూరెక్, ఒక పళ్ళెం పెడితే చాలు, మధ్యాహ్నానికి పని ముగిసేది. ఖర్చు దానంతటదే దిగింది. మెచ్చుకోలు కాగితం ఆ ఏడాదిదే.

అలా నాలుగు వసంతాలు నడిచాయి. అయిదో ఏట జియాద్ ఇంటి మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోయాడు. అక్క ఈసారి అతనితోనే ఊదించింది. నలభై మూడు శాతం. ఆ కాగితంతో జబ్బు పింఛను తేల్చే కమిషన్ ముందుకి ఇద్దరూ వెళ్ళారు.

కమిషన్ డాక్టరమ్మ పాత ఫైలు తిరగేసింది. "నాలుగేళ్ళూ నూట ఇరవై దాటింది. ఇప్పుడు నలభై మూడా? ఇలా కూలిపోయే రొమ్ము నేనెక్కడా చూళ్ళేదు. ఈయన కావాలనే మెల్లిగా ఊదుతున్నాడు."

"గట్టిగానే ఊదానండీ," అన్నాడు జియాద్.

"పింఛను దగ్గరికొచ్చేసరికి మీ గనివాళ్ళందరికీ ఊపిరి తగ్గుతుంది. నాకిది కొత్త కాదు."

అభ్యంతరం చెప్పుకోవడానికి ముప్పై రోజులు గడువిచ్చారు. ఆ సాయంత్రం వంటింట్లో కాఫీ చల్లారిపోయింది.

"నిజం రాసిచ్చేస్తాన్రా," అంది నెవ్‌జెత.

"నీకేమైనా మతిపోయిందా అక్కా? నీ ఉద్యోగం పోతుంది. మిగతా పదిమంది మీదా కమిషన్‌వాళ్ళు పడతారు."

"పడనీ. నా పేరు కూడా రాసెయ్యి," అన్నాడు అప్పుడే వచ్చిన ఇస్మేత్. "ఊదినవాణ్ణి నేనేగా."

రాసింది. నిజం చెబితే దాని విలువ దానికుంటుందని ఆమె నమ్మకం, ఆ వయసులో కూడా.

మూడు వారాలకి జవాబొచ్చింది. దొంగ పరీక్షలు చేశానని నర్సే ఒప్పుకుంది కాబట్టి ఆ దవాఖానా కాగితమేదీ చెల్లదు, ఈ ఏటిదీ చెల్లదు. దరఖాస్తుదారు నగరంలోని ఆస్పత్రిలో, తన ఖర్చుతో, ఆరేసి నెలల ఎడంతో మూడు పరీక్షలు చేయించుకోవాలి. ఒక్కోదానికి తొంభై అయిదు మార్కులు, బస్సు వేరే. నెవ్‌జెత ఉద్యోగం రెండు లైన్ల కాగితంతో పోయింది. పదకొండుమంది ఫైళ్ళూ వెనక్కి తెప్పించారు. ఆ ఇళ్ళవాళ్ళు రొట్టెల కొట్లో ఆమెకి వీపు చూపించడం మొదలెట్టారు. మెచ్చుకోలు కాగితాన్ని మాత్రం గోడమీంచి తియ్యాలని ఎవరికీ తోచలేదు.

జియాద్ ఆ జవాబు రెండుసార్లు చదివాడు. "ఏడాది పడుతుందే అక్కా. అంత ఊపిరి నా దగ్గరెక్కడిది? ఇస్మేత్‌ని అడుగు, అప్పిస్తాడేమో," అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

మొదటి పరీక్షకి ఆమే తీసుకెళ్ళింది. ఓరగా తెరిచి ఉన్న తలుపు బయట బల్ల మీద కూర్చుంది. లోపల చిన్న వయసు నర్సు, "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా," అంటోంది. సగంలో దగ్గు. మళ్ళీ. మళ్ళీ దగ్గు. బల్ల మీద ఇంకా తొమ్మిదిమంది వంతు కోసం ఉన్నారు. ముప్పావు గంట కావస్తోంది.

తలుపు సందులోంచి ఆ పిల్ల గడియారం వైపు చూడడం నెవ్‌జెతకి కనిపించింది. ఆ పిల్ల ఇప్పుడేం లెక్క వేసుకుంటోందో ఆమెకి తెలుసు.