బోర్డు మీద ఉన్న పెన్సిలిన్

2022లో నేను పెనుకొండకు దగ్గరలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మాది ధర్మవరం. రోజూ పొద్దున బస్సులో వచ్చి, సాయంత్రం మళ్లీ బస్సులో వెళ్లేదాన్ని. ఆరు పడకలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు, ఒక ల్యాబ్ టెక్నీషియన్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీపీ, షుగర్ మాత్రల కోసం వచ్చేవాళ్లు. తర్వాత జ్వరాలు, కుక్కకాట్లు, గర్భిణులు. చెప్పుకోదగ్గ కేసు ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ.

ఈ కేసు అర్థం కావాలంటే ఒక సంగతి ముందు చెప్పాలి. సర్కారు ఆసుపత్రుల్లో ఏ స్థాయిలో ఏ వైద్యం అందాలో ముందే నిర్ణయించి ఉంటుంది. గ్రామంలోని క్లినిక్‌లో ఇవి, పీహెచ్‌సీలో ఇవి, పెద్దాసుపత్రిలో ఇవి అని ఒక జాబితా. దీన్ని ఎసెన్షియల్ సర్వీసెస్ ప్యాకేజీ అంటారు. మనిషి ఎంత పేదవాడైనా, ఊరు ఎంత మారుమూలదైనా, ఇంతవరకు మాత్రం తప్పకుండా అందించాలని ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న కనీస హద్దు అది. దానికి తగ్గట్టే మందుల జాబితా ఉంటుంది. ఆ మందుల పేర్లు, నిల్వ ఎంత ఉందో ఫార్మసీ ముందు బోర్డు మీద రాయాలి.

మా జాబితాలో బెంజథిన్ పెన్సిలిన్ అనే ఇంజెక్షను ఉండేది. చిన్నపిల్లలకు గొంతునొప్పి వచ్చి సరిగ్గా నయం కాకపోతే, కొందరికి కొన్ని వారాల తర్వాత కీళ్లు వాచి జ్వరం వస్తుంది. అది రుమాటిక్ ఫీవర్. అందులో కొందరికి గుండె కవాటాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్నదాన్ని ఈ సూదిమందు బాగుచేయదు, కానీ జబ్బు మళ్లీ మళ్లీ రాకుండా ఆపుతుంది. మూడు వారాలకొకసారి, ఏళ్ల తరబడి వేయించుకోవాలి. మా బీరువాలో దాని వయల్స్, అంటే చిన్న మందు సీసాలు, ఉండేవి. ఏటా వచ్చేవి, గడువు తీరేవి, కొత్తవి వచ్చేవి. నేను చేరిన మూడేళ్లలో ఒక్కటి కూడా వాడలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు మందు ఉందా అని అడిగేవాళ్లు. ఉందని రాసుకుని పోయేవాళ్లు.

వాడకపోవడానికి కారణం భయం. పెన్సిలిన్ ఎవరికో ఒకరికి పడదు. పడనప్పుడు నిమిషాల్లో ఊపిరి ఆడక, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. నా ఉద్యోగం మొదటి ఏడాది, వేరే జిల్లాలో, నేను వేసిన ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షనుతో ముప్పై ఏళ్ల మనిషి పది నిమిషాల్లో చనిపోయాడు. టెస్ట్ డోస్, అంటే ముందుగా చర్మంలోకి కొద్దిగా మందు ఎక్కించి చూసే పరీక్ష, మామూలుగానే ఉండింది. ఎవరి తప్పూ లేదని డాక్టరు రాశారు. అయినా అతని భార్య నా చేతుల వైపు చూసిన చూపు నాతోనే ఉండిపోయింది. ఆ తర్వాత నా చేత్తో పెన్సిలిన్ వేయలేదు.

ఆ ఏడు వానలు పడ్డ మొదటి వారంలో సుజాత అనే ఆవిడ పదమూడేళ్ల కూతురు లావణ్యను తీసుకుని వచ్చింది. రామగిరి వైపు ఊరు వాళ్లది. ఐదెకరాల సేద్యం. సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది. హిందూపురంలో గుండె డాక్టరు రాసినది. ఎకో అనే గుండె స్కానింగులో మైట్రల్ కవాటం కొద్దిగా లీకవుతున్నట్టు తేలింది. వేసిన ప్రతి ఇంజెక్షనుకూ తేదీ రాసి ఉంది.

"మేడం, ఈ సూది ఈడ వేస్తారా? మూడు వారాలకొకసారి హిందూపురం పోతాండాము. ఇప్పుడు శెనక్కాయ విత్తనం పడతాండాది. ఈడనే వేస్తే పదకొండుకంతా చేన్లో ఉంటాను."

నేను పుస్తకం మూసి తిరిగి ఇచ్చాను. "స్టాక్ లేదమ్మా. హిందూపురంలోనే వేయించుకోండి."

అది అలవాటైన మాట. దాని మీద ఎవరూ వాదించరు. సుజాత కూడా వాదించలేదు. కానీ కూతురు ఫార్మసీ ముందుకు పోయి, బోర్డు మీద వేలు పెట్టుకుంటూ చదవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లుగా వేయించుకుంటున్న మందు పేరు ఆ పిల్లకు నోటికి వచ్చు.

"మేడం, మా సూది పేరు ఈడ రాసిండారు. పక్కన నలభై అని ఉండాది."

ఫార్మసిస్టు మల్లికార్జున ఆ పొద్దున్నే చాక్‌పీసుతో రాసిన అంకె అది. ఆయన కిటికీలోంచి నా వైపు చూశాడు.

"అవి వేరేవాళ్ల కోసం పెట్టినవి" అన్నాను. అది రెండో అబద్ధం.

"పదే, మేడం లేదంటాండ్లా" అని సుజాత కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ పిల్ల మాత్రం గేటు దాకా వెనక్కి తిరిగి బోర్డు వైపే చూస్తూ పోయింది.

రెండు నెలల తర్వాత ఆ ఊరి ఆశా కార్యకర్త మాటల మధ్యలో చెప్పింది, లావణ్యను హిందూపురంలో ఆసుపత్రిలో చేర్చారని. మోకాళ్లు వాచాయి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఏం జరిగిందని అడిగాను. ఆ రోజు మా దగ్గర్నుంచి వాళ్లు రోడ్డు మీదికి వెళ్లేసరికి హిందూపురం బస్సు పోయింది. సుజాత ఇంకో బస్సు కోసం నిలబడకుండా, విత్తనం అయ్యాక పోదామని ఇంటికి తీసుకెళ్లింది. విత్తనం అయ్యాక కలుపు. వరసగా మూడు ఇంజెక్షన్లు తప్పాయి.

నా ఒక్క మాట వల్లే ఇదంతా జరిగిందని చెప్పను. తప్పిన మూడింటిలో రెండు నా ప్రమేయం లేనివి. మొదటిది మాత్రం నాది. ఆ సాయంత్రం ధర్మవరం బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. ఎన్నిసార్లు వేసినా అదే వచ్చింది.

మా డాక్టరమ్మ కొత్తగా చేరిన అమ్మాయి. అప్పటికి రెండు నెలల సర్వీసు. మరుసటి రోజు ఓపీ అయిపోయాక ఆమె గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను.

"మందు ఉంది కదా సిస్టర్. ఎందుకు వెయ్యట్లేదు?"

"భయం మేడం."

పద్నాలుగేళ్ల సర్వీసులో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"నాకూ భయమే. నేను ఒక్కసారి కూడా వెయ్యలేదు. రియాక్షను వస్తే ఏం చెయ్యాలో పుస్తకంలో చదివాను, అంతే."

ఆ రోజే పని మొదలుపెట్టాం. హిందూపురంలో లావణ్యను చూసే డాక్టరుకు ఫోను చేసి, ఆ పిల్లకు ఇంతవరకు ఏ రియాక్షనూ రాలేదని తెలుసుకున్నాం. ఎమర్జెన్సీ ట్రే, అంటే ప్రాణాపాయంలో వాడే మందులు సిద్ధంగా పెట్టుకునే పళ్లెం, తీసి చూస్తే అన్నీ ఉన్నాయి గానీ అడుగున పడి ఉన్నాయి. పెన్సిలిన్ పడనప్పుడు మొదట కావాల్సిన అడ్రినలిన్‌ను పైకి తెచ్చాం. ఎవరు ఏం చెయ్యాలో వారం రోజులు ఉత్త చేతులతో అభ్యాసం చేశాం. డాక్టరమ్మ గానీ నేను గానీ సెలవులో ఉంటే వెయ్యకూడదు, మంచం మీద పడుకోబెట్టే వెయ్యాలి, వేశాక అరగంట పిల్ల పక్కనుంచి కదలకూడదు అని రాసుకున్నాం.

మల్లికార్జున వయల్స్ తెచ్చి ఇస్తూ, "ఏటా నేనే పారేస్తాండాను సిస్టర్. ఈసారన్నా పనికొచ్చినాయి" అన్నాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక లావణ్యను తీసుకురమ్మని ఆశాతో కబురు పంపాను. ఈసారి తండ్రి రామాంజి కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మొన్న స్టాక్ లేదంటిరంట. ఇప్పుడు యాడినుంచి వచ్చె?"

"అప్పుడూ ఉండింది. నాకు భయమై లేదని చెప్పినాను."

అతను ఈ జవాబు ఊహించలేదు. గొంతు కొంచెం తగ్గింది. "ఇప్పుడు భయం పోయెనా?"

"పోలేదు. కానీ ఏమన్నా అయితే ఏం చెయ్యల్లో నేర్చుకున్నాము."

సుజాత మధ్యలో కల్పించుకుంది. "హిందూపురం పోను మనకు ప్రతిసారీ అయితాదా? కాకనే కదా పాప ఆసుపత్రిలో పడింది. వేయించు."

టెస్ట్ డోస్ చేసి అరగంట చూశాం. ముంజేతి మీద ఎర్రదనం గానీ దద్దురు గానీ లేదు. ఈ మందు సున్నపునీళ్లలా చిక్కగా ఉంటుంది. సన్న సూదిలో ఇరుక్కుంటుంది. లావు సూదితో, తుంటి కండలోకి మెల్లగా ఎక్కించాలి. నొప్పి ఎక్కువ. లావణ్య దిండు అంచు పళ్లతో పట్టుకుంది, అరవలేదు. సూది బయటికి తీసినప్పుడు నా జాకెట్టు వీపంతా తడిసి ఉంది.

పది నిమిషాలు గడిచాయి. అంతా బాగుంది. దాహమేస్తోందంటే సుజాత కూతుర్ని లేపి కూర్చోబెట్టింది. నీళ్ల గ్లాసు నోటిదాకా పోలేదు. పిల్ల మొహం పాలిపోయి, నుదుటి మీద చెమట పట్టి, పక్కకు ఒరిగిపోయింది.

సుజాత కేక విని ఓపీలో ఉన్నవాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చేశారు. రామాంజి "ఏం చేస్తిరే నా బిడ్డను" అంటూ మంచం దగ్గరికి దూకాడు. డాక్టరమ్మ అడ్రినలిన్ అప్పటికే సిరంజిలోకి తీసేసింది. పద్నాలుగేళ్ల కిందటి గది నా కళ్ల ముందుకు వచ్చింది. అయినా వేళ్లు వాటంతట అవే లావణ్య మణికట్టు మీదికి పోయాయి.

"నాడి ఎంత సిస్టర్?"

"నెమ్మదిగా ఉంది మేడం. యాభై లోపు."

"దద్దుర్లు?"

"లేవు. ఊపిరి బాగానే ఆడుతోంది."

తేడా అక్కడే ఉంది. మందు పడనప్పుడు నాడి సాధారణంగా పరుగెత్తుతుంది, ఒళ్లు దద్దురెక్కుతుంది, ఊపిరి పిల్లికూతలు పెడుతుంది. నొప్పికీ బెదురుకూ కళ్లు తిరిగినప్పుడు నాడి నెమ్మదిస్తుంది. డాక్టరమ్మ సిరంజి చేతిలోనే పట్టుకుని, "పడుకోబెట్టి కాళ్లు పైకెత్తండి" అంది. రామాంజితోనే ఎత్తించాను. కూతురి రెండు పాదాలూ గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. నేను బీపీ చూస్తూ ఉన్నాను. రెండు నిమిషాలకు పెదవుల్లోకి రంగు వచ్చింది. ఇంకో నిమిషానికి లావణ్య కళ్లు తెరిచి, తలుపు దగ్గర గుంపును చూసి సిగ్గుపడింది.

అరగంట అనుకున్నది రెండు గంటలు పడుకోబెట్టాం. రామాంజి మాత్రం నిశ్చయించుకున్నాడు.

"చాలు మేడం. మీరు చేసిందాన్ని తప్పనను. కానీ ఇంగ ఈడ వద్దు. నా బిడ్డ పోయిందనుకొంటి."

అప్పుడు లావణ్య మెల్లగా అంది. "నాయనా, హిందూపురంలో గూడా రెండుసార్లు ఇట్లనే కండ్లు తిరిగినాయి. నీకు చెప్తే పంపీవని నేనూ అమ్మా చెప్పలేదు."

రామాంజి భార్య వైపు చూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. చివరికి అతను డాక్టరమ్మను అడిగాడు.

"వచ్చేసారి గూడా మీరిద్దరూ ఈడనే ఉంటారా?"

"ఉంటాం. లేని రోజు వెయ్యం."

"అయితే పిల్చకొస్తా."

ఇరవై ఒకటో రోజున తనే తీసుకొచ్చాడు. ఆ తర్వాత నా సెలవులన్నీ లావణ్య తేదీలు చూసుకుని పెట్టుకున్నాను. ఆరు నెలల్లో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరు ధర్మవరంలో మగ్గం నేసే ఇంటినుంచి మా పక్క ఊరికి కోడలిగా వచ్చిన అమ్మాయి. ఇన్నాళ్లూ ఈ మందు దగ్గర్లో దొరకదనుకుని పూర్తిగా మానేసింది. ఇంకొకరు ముప్పై దాటిన ఆవిడ. ఆమెకు టెస్ట్ డోస్ వేసిన చోట పావుగంటలో రూపాయంత దద్దురు లేచింది. ఇంజెక్షను వెయ్యకుండా, బదులు మాత్రల కోసం హిందూపురం పంపాం. నా భయం ఉత్తది కాదని ఆ రోజు తెలిసింది. అది నిజమైన భయమే. కాకపోతే దానికి చేయగలిగిన ఏర్పాటు ఒకటి ఉంది. ఆ ఏర్పాటు చెయ్యకుండా నేను ఏళ్లు గడిపేశాను.

ఏడాదిన్నర తర్వాత తీసిన ఎకోలో లావణ్య కవాటం లీకు పెరగలేదు. తగ్గనూ లేదు. ఇరవై దాటేవరకు, బహుశా ఇంకా చాలా ఏళ్లు, ఈ సూదిమందు తప్పదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు పదో తరగతిలో ఉంది. తేదీ గుర్తుపెట్టుకోవడం తనే చూసుకుంటుంది.

ఏ మందు ఏ ఆసుపత్రిలో ఉండాలో నిర్ణయించేవాళ్లు దూరంగా ఎక్కడో ఉంటారు. ఆ పని వాళ్లు బాగానే చేశారని నా అభిప్రాయం. మందు పంపారు, అడ్రినలిన్ పంపారు, బోర్డు రాయమన్నారు. వేసే మనిషికి భయమైతే ఏం చెయ్యాలో మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అది మేము మేము మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన సంగతి. లావణ్య ఆసుపత్రిలో పడేదాకా మేము మాట్లాడుకోలేదు.

తర్వాత నాకు హిందూపురం వైపు బదిలీ అయింది. నా స్థానంలో వచ్చిన అమ్మాయి ఓబులదేవరచెరువు నుంచి, మొదటి పోస్టింగు. బీరువా తాళాలు, రిజిస్టర్లు అప్పగించి, లావణ్య ఇంజెక్షన్ల కార్డు చూపించాను. కొత్త నర్సు మందు పేరు చదివి తలెత్తింది.

"ఇది నేనెప్పుడూ వెయ్యలేదక్కా. నాకు భయం."

"ఈ మాటే డాక్టరమ్మకు చెప్పు, ఇద్దరూ కూర్చుని నేర్చుకోండి" అన్నాను. "వచ్చినవాళ్లతో మాత్రం స్టాక్ లేదని చెప్పొద్దు."