పోయిన చోటే

తమిళనాడులోని కనకమ్మ సత్రం ఊరి కూడలిలో వజ్రమ్మ ముప్పై ఏళ్ళుగా కూరగాయలు అమ్ముతోంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. తమిళం మాత్రం పెళ్ళయి వచ్చాక ఆ గంపల ముందు కూర్చుని, బేరాలాడుతూ నేర్చుకున్నది.

కిందటేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో నాలుగో రోజున డాక్టరు మంచం దగ్గరికి వచ్చి తమిళంలో వరసగా ఏవేవో అడిగాడు. గొంతు వినబడుతోంది కానీ వజ్రమ్మకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఆయన వెళ్ళాక కొడుకు సుభాష్ తలుపు దగ్గర భార్య శశికళతో తెలుగులో అన్నాడు.

"అమ్మకి మతి పోయిందంట. పెన్ను చూపిస్తే పేరు చెప్పలేదంట."

"ఎవురికిరా మతి పోయింది?" వజ్రమ్మ మంచంమీంచే కసిరింది. "అది పెన్ను. నువ్వు పొద్దున్నించి ఏమీ తిన్లా. ఇంకేం చెప్పాల?"

సుభాష్ పరుగున డాక్టరును పిలుచుకొచ్చాడు. ఈసారి తెలుగులో అడిగించి చూసి ఆయన తల పంకించాడు. పుట్టుకతో వచ్చిన భాష, తర్వాత నేర్చిన భాష మెదడులో ఎప్పుడూ ఒకేలా పాతుకోవట. ఒక్కోసారి దెబ్బ ఒకదానికే గట్టిగా తగులుతుందట. వాడుతూ ఉంటే పోయినది కొంత తిరిగి రావచ్చన్నాడు.

ఇంటికొచ్చాక సుభాష్ అంగడి వద్దన్నాడు. "తమిళం లేకుండా సత్రంలో ఎట్లమ్మా యాపారం? శశికళ కూచుంటుందిలే."

"పోయిన చోటే కదరా ఎతుక్కోవాల? తమిళం యాడ నేర్చినానో ఆడనే దొరకతాది."

మరుసటి వారమే వెళ్ళి కూర్చుంది. కొనేవాళ్ళను ఏం కావాలో వేలితో చూపించమని సైగ చేసేది. వాళ్ళు 'కత్తరికా' అంటే వంకాయ చేత్తో పట్టుకుని తానూ అనేది. సాయంత్రానికి మూడు మాటలు పట్టుబడితే తెల్లారేసరికి ఒకటి మిగిలేది. పక్కన పూలమ్మే సెల్లమ్మకూ తెలుగు వచ్చు. ఆమె నవ్వింది.

"నవ్వుకో అక్కా. కొత్తగా వచ్చినప్పుడు కూడా నవ్వినావు. నేర్చుకోలేదా నేను?"

మూడు వారాల తర్వాత ఒకాయన టమాటాలన్నీ నొక్కి నొక్కి చూసి, సగం ధరకు అడిగాడు. వజ్రమ్మ ఆలోచించేలోపే నోట్లోంచి మాట దూకింది. "వేణుమ్నా ఎడు, ఇల్లేన్నా పో!" కావాలంటే తీసుకో, లేదంటే పో అని. అచ్చమైన తమిళం! ఆయన గొణుక్కుంటూ పోయాడు. సెల్లమ్మ నోరు తెరిచింది.

"మళ్ళా అను!"

నిమ్మళంగా అనబోతే ఒక్క ముక్కా రాలేదు. మరొకరు బేరానికి దిగగానే మళ్ళీ గలగలా వచ్చేసింది.

వజ్రమ్మకు కిటుకు దొరికింది. ఆనాటినుంచి వచ్చినవాళ్ళతో కావాలనే జగడం పెట్టుకుంది. తిట్టు వెంట ఒక మాట, దాని వెంట ఇంకొకటి లాగింది. ఆర్నెల్లకు ఆమె బేరాలు మునుపటికి దగ్గరగా వచ్చాయి.

పావక్కా అనే మాట మాత్రం ఇప్పటికీ చిక్కలేదు. ఆమె కాకరకాయ అనే అంటుంది. అర్థం కానివాళ్ళకు ఇంకాస్త గట్టిగా అంటుంది.