కొత్త బ్యారెల్, పది రౌండ్లు

రెండు రోజుల నుంచి నేను మెట్లు పక్కకు తిరిగి దిగుతున్న. చూసినోళ్లంత దవాఖానకు పొమ్మంటున్నరు. రోగమేం లేదు, నేను పెట్టిన క్రమశిక్షణే నాకు తగిలింది. ఎట్లనో వినుండ్రి.

నాది ఇబ్రహీంపట్నంల వెల్డింగు షాపు. బిడ్డ శిరీష ఎయిర్ రైఫిల్ కొడ్తది. వచ్చే ఆదివారం జిల్లా పోటీ. ఇది పోతే మళ్లా ఏడాది ఆగాలె. దసరాకు ముందే రైఫిల్‌కు కొత్త బ్యారెల్, అంటే గుండు బయటికొచ్చే గొట్టం, ఏయించిన. బ్యారెల్ మారితే పాత గుండ్లు పడకపోవచ్చు. ఒక్కో డబ్బాల గుండ్లు వెంట్రుకంత తేడాతో ఉంటయి. రైఫిల్‌ను కదలకుండ బిగించి, ఒక్కో డబ్బాల కెల్లి అయిదు గుండ్లు కాల్చి చూడాలె. అయిదూ ఒక్క తొర్రలనే పోతే, గదే మన డబ్బా.

నాకు పద్ధతంటే పద్ధతే. దీనికోసం ఒక నోటుబుక్కు పెట్టిన. మొదటి పేజీల పెద్దక్షరాలతో రాసిన: 'తప్పు ఎవరు చేసినా వాడ చుట్టు పది రౌండ్లు ఉరకాలె.' నేను చదివింది తొమ్మిదే గాని, ఆ నోటుబుక్కు చూస్తే హెడ్మాస్టరు సుత లేచి నిలబడాలె!

మొన్న పొద్దున షాపు వెనక రైఫిల్ బిగించిన. మొదటి డబ్బా. అయిదు గుండ్లు, అయిదు దిక్కులు! కాగితానికి అమ్మవారు పోసినట్టయింది. రెండో డబ్బా గట్లనే. ఆరు డబ్బాలూ గట్లనే! నాకు తల తిరిగింది.

"రైఫిల్ కింద పడేసినవా?" అని శిరీషను అడిగిన.

"లేదు బాపు."

"మరి బ్యారెల్ మూతి ముట్టుకున్నవా? అక్కడ చెయ్యి తాకొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"ముట్టలే బాపు, ఒట్టు!"

"అబద్ధం తప్పు కన్న పెద్దది. ఉరుకు పది రౌండ్లు!"

పిల్ల ఏడుపు మొఖంతో ఉరికింది. నేను బ్యారెల్ ఏసిన యాదగిరికి ఫోన్ కొట్టిన. "పని చేస్తే మనసు పెట్టి చెయ్యాలె యాదగిరి! నా బిడ్డ ఏడాది కష్టం మట్టిల కలిపినవ్!" అని అరిచిన. నిజాయితీ గురించి సుత నాలుగు మాటలు చెప్పిన.

పాపం బొంగులూరు నుంచి బండేసుకొని వచ్చిండు. బ్యారెల్ మూతి దగ్గర టార్చి కొట్టిండు. గోరుతోని గీకిండు. వాసన చూసిండు.

"అన్నా, బ్యారెల్‌ల గంధం ఎందుకుంది?"

నేను సుత వంగి చూసిన. గంధం ఎండి మూతి అంచుకు ఒక దిక్కు గట్టిగ పట్టుకున్నదట. బయటికొచ్చే ప్రతి గుండు దానికి తాకి పక్కకు పోతున్నదట.

"దసరా నాడు ఆయుధ పూజల బొట్టు ఎవరు పెట్టిన్రు?" అన్నడు యాదగిరి.

నా భార్య తలుపు కాడ నిలబడి ఉన్నది. "నేను పెట్టబోయిన తమ్మీ. నీకు పద్ధతి తెల్వదు, జరుగు అని ఈయననే పెట్టిండు. వెల్డింగు మిషన్‌కు చిన్న బొట్టు, దీనికి మాత్రం మూతి నిండ!"

యాదగిరి బ్యారెల్ మూతి తుడిచిండు. మళ్లా మొదటి నుంచి కాల్చుకుంట మూడో డబ్బాకు వచ్చినం. అయిదు గుండ్లు, ఒక్కటే తొర్ర! యాదగిరికి చెయ్యెత్తి దండం పెట్టిన. ఖుషీల నేను నోటుబుక్కు తెరిస్తే, శిరీష చెమట తుడుచుకుంట వచ్చి మొదటి పేజీ తిప్పింది.

"ఎవరు చేసినా అని రాసినవ్ కద బాపు."

"రాసిన."

"పది బొట్టుకు. ఇంకో పది, నన్ను ఉత్తగనే ఉరికిచ్చినందుకు."

రాసుకున్న మాట తప్పుతనా? ఇరవై ఉరికిన! యాదగిరి చాయ్ తాగుకుంట లెక్క పెట్టిండు, నా భార్య మాత్రం ఇంకా ఒకటి బాకీ ఉన్నదన్నది. వాడంత గోడల మీది కెల్లి చూసింది.

నిన్న పొద్దున మంచం మీది కెల్లి లేవలేకపోతుంటే, నా భార్య గంధం గిన్నె పట్టుకొని వచ్చింది. "మోకాళ్లకు జర సల్లగుంటది, పెట్టాల్నా?"

"వద్దే తల్లీ," అన్న. "ఇప్పటికే వంకర పోతున్న."