మలుపు దగ్గర పన్నెండు అక్షరాలు

పుప్పాలగూడ పాత ఊరి మలుపును వెడల్పు చేసినప్పుడు పోయినవి ఇవి: వేపచెట్లు రెండు. కూర్చునే బండలు ఐదు. చేదబావి ఒకటి. చెప్పులు కుట్టే తాత గోనెపట్టా నీడ ఒకటి. మోకాలెత్తు రాయి ఒకటి, దాని మీద నాలుగు అక్షరాలు. వేపచెట్ల కోసం అపార్ట్‌మెంట్ల వాళ్లు చాలా బాధపడ్డారు. చెప్పుల తాత రోడ్డు అవతలికి మారాడు. రాయి ఏమైందని అడిగింది మాత్రం ఒక్క అవ్వే.

అవ్వ మా ఇంటి యజమానురాలు. ఆమె వెనక గదిలో నేను కిరాయికి ఉంటున్నాను. పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చినదాన్ని. మోసినవాటిని లెక్కపెట్టుకుంటూ లెక్కలు నేర్చుకున్నాను. ఆ తర్వాత టేపు పట్టడం, చదరపు అడుగులు కట్టడం. ఇప్పుడు ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో నేలకు ఎంత బండ పడుతుందో కొలిచి చెప్పడం నా పని. అందుకే ఏది పోయినా ముందు ఎన్ని పోయాయో చూసుకుంటాను.

ఆ నాలుగు అక్షరాలు అవ్వ తండ్రి పేరు. నిజాం కాలంలో ఈ ఊళ్లో జాగీర్దారు మనుషులు వస్తే వాళ్ల మూటలు మోయాలి, గుర్రాలకు గడ్డి కోయాలి, కూలి మాత్రం ఉండదు. వెట్టి. అవ్వ తండ్రి సంఘంలో చేరి, ఆ మలుపు దగ్గరే నిలబడి, కూలి ఇవ్వనిదే మూట ఎత్తొద్దని, ఎవరి కాళ్లూ మొక్కొద్దని ఊరికి చెప్పాడట. అక్కడి నుంచే ఆయన్ని పట్టుకుపోయారు. జైలు నుంచి వచ్చేసరికి నడవలేకపోయాడు. అరుగు మీద పడుకుని, పక్కన ఇసుక పోయించుకుని, చిన్నపిల్ల అయిన అవ్వ వేలు పట్టుకుని తన పేరు రాయించేవాడు. ఆ పేరు పూర్తిగా వచ్చేనాటికి ఆయన లేడు. అవ్వకు వచ్చిన చదువు అంతే, నాలుగు అక్షరాలు. అవి కూడా కళ్లకు కాదు, వేలికి వచ్చు.

ఊరివాళ్లు పెట్టిన ఆ రాయి దగ్గరికి అవ్వ సాయంత్రం పూట వెళ్లి, పేరు మీద వేలు తిప్పి వచ్చేది. రోడ్డు పని మొదలయ్యాక రాయి మట్టితో పాటు ఏ లారీలో పోయిందో తెలియదు.

"ఇంకో రాయి పెట్టిద్దాం బిడ్డా," అంది. "నా కాళ్లు ఆడినన్ని రోజులే. మల్ల నువ్వు పెట్టినా నాకేం ఎరుక?"

ఒక ఆఫీసులో నేల పరిచాక మిగిలిన నల్లబండ ముక్క ఉంటే మా కాంట్రాక్టరును అడిగి తీసుకున్నాను. కావలసింది చోటు. మలుపులో ఉన్న అపార్ట్‌మెంటు సెక్రటరీగారిది కోనసీమ. ప్రహరీ బయట, కాలిబాట పక్కన అడుగున్నర జాగా అడిగాను.

"అడుగున్నరేనా అండి? రేపు రెండడుగులు అనరు కదా? మా మీటింగులో నన్ను పీక్కు తింటారండి బాబు," అన్నాడు. నేను టేపు తీసి చూపించాను. ఆయన కూడా వంగి చూసి, "సరే అండి, పెద్దావిడ ముచ్చట. కానివ్వండి," అన్నాడు.

చెక్కేవాళ్లు అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. చందానగర్‌లో మాకు దొరికినతను ఒత్తుకు వేరే లెక్క అన్నాడు. చాలాసేపు బేరమాడితే ఒత్తులు కొసరు కింద వేశాడు. పేరు కింద "వెట్టి వద్దన్న మనిషి" అని రాయించాలని అవ్వ కోరిక. అంటే ఎనిమిది అక్షరాలు. పేరు నాలుగూ తనవి అంది. మిగిలినవి నేనే పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

"ఒక్కరే పెడితే అది నీ రాయి అయితది. ఒక్కో అక్షరం ఒక్కో చేతి నుంచి రావాలె."

అలాగే వచ్చాయి. నాది ఒకటి. మా మేస్త్రిది, సెక్రటరీగారిది, టీ బండి అతనిది, గేటు దగ్గరి సెక్యూరిటీ అతనిది, కర్రీ పాయింట్ ఆమెది, అక్కడ కార్లు ఆపుకునే ఇద్దరు డ్రైవర్లవి. టీ బండి అతను తన అక్షరం ఏదో చెప్పమని పట్టుబట్టాడు. "షి" అని చెప్పాను. "కడపటిదా? మంచిగనే ఉన్నది. నేను లేకుంటే మనిషి పూర్తి గాడు," అని నవ్వాడు.

రాయి నిలబెట్టే రోజు మేస్త్రి గుంతలో పసుపు, కుంకుమ, నిమ్మకాయ వేశాడు. రాయికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. పునాది అయినా, గడప అయినా, నీళ్ల ట్యాంకు అయినా మా పనుల్లో ఏదీ అవి లేకుండా నిలబడదు. నాకూ అది వింతగా తోచలేదు. అవ్వ వేలు పెట్టి పేరు చదువుకుంది. నాలుగో అక్షరం దగ్గర కాసేపు ఆగింది. "గిదే," అంది.

తప్పు ఎక్కడ జరిగిందో బోనాల నెలకు గానీ తెలియలేదు. పసుపు చూసిన కొత్తవాళ్లు అది మైసమ్మ అనుకున్నారు. బయటి డ్రైవర్లు కొత్త బండి తెచ్చి నిమ్మకాయలు తొక్కించారు. ఎవరో ఎర్రగుడ్డ చుట్టారు. ఆ అపార్ట్‌మెంట్లో ఊడ్చే పనికి కొత్తగా చేరిన ఆమె మంగళవారం, శుక్రవారం రాయిని కడిగి, పైనుంచి కింద దాకా పసుపు మెత్తడం మొదలుపెట్టింది. అక్షరాల గాడులన్నీ నిండిపోయాయి.

ఒక సాయంత్రం అవ్వ వేలు రాయి మీద వెతుక్కుంది. పైకి, కిందికి, మళ్లీ పైకి. "ఏది బిడ్డా?" అంది. పసుపు అంటిన వేలిని నా వైపు చాపి అలాగే నిలబడింది. నేను చీర కొంగుతో గాడుల్లోంచి పసుపు తీస్తుంటే ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏందక్కా గిట్ల చేస్తున్నవ్? అమ్మవారిని గట్ల గీకుతరా?"

"అమ్మవారు గాదే, మా నాయిన," అంది అవ్వ.

"మీ నాయినా?" ఆమె రాయిని చూసింది, అవ్వను చూసింది. "నేను మొక్కిన మూడో రోజుకే మా పిల్లకు జరం తగ్గింది మరి!"

"జరం దవాఖాన గోలీలకు తగ్గింది. మా నాయినకేం ఎరుక జరం సంగతి? కాళ్లు మొక్కొద్దని చెప్పి జైలుకు పోయినోడు. ఇయ్యాల ఆయనకే మొక్కవడితిరి."

నాకు నవ్వు ఆగలేదు. అవ్వకు మాత్రం కళ్లు తడిశాయి. అది చూసి ఊడ్చే ఆమె చీపురు కింద పెట్టింది. "నాకు చదువు రాదవ్వా. ఏం రాసిండ్రు దాని మీద?" అని అడిగింది. నేను చదివాను.

"వెట్టి అంటే?"

"కూలి లేకుంట పని చేపిచ్చుకునుడు," అంది అవ్వ.

"మరి మా సూపర్‌వైజరు రోజూ తన బండి కడిగిపిచ్చుకుంటడు. అది?"

"అదే."

ఆమె తన సీసాలోని నీళ్లు పోసి, అగ్గిపుల్లతో పేరులోని నాలుగు అక్షరాలూ తనే శుభ్రం చేసింది. ఆ తర్వాత బేరం కుదిరింది. పసుపు గడపకు పెట్టినట్టు అంచుకే పెట్టాలి, అక్షరాల జోలికి రాకూడదు. ఆమె ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకుంటోంది. అవ్వ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వెళ్లి, వేలితో తండ్రిని చదువుకుని వస్తోంది.

కానీ అవ్వ అక్కడితో ఊరుకోలేదు. కింద ఇంకో మాట చెక్కించాలంది: "మొక్కకండి." నాలుగు అక్షరాలు. ఒక్కో చేతి నుంచి ఒక్కటి, ముందు ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వకూడదు. నేను తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఒక ఆటో అతను రెండు చేతులూ జోడించాడు. "అక్కా, పేరుకైతే రెండక్షరాలు ఇస్త. మొక్కొద్దు అనేదానికి నన్ను అడగకు. రోడ్డు మీద తిరిగేటోణ్ని." సెక్రటరీగారి భార్య కూడా, "ఎందుకొచ్చిన గొడవ అండి," అని తలుపు దగ్గరికి వేసింది.

ఈ మధ్య ఊడ్చే ఆమె మా ఇంటికి వచ్చింది. సూపర్‌వైజరు బండి కడగడం మానేసిందట. తన లెక్కకు ఒక అక్షరం రాసుకోమంది.

"మరి నువ్వు మొక్కుతనే ఉన్నవ్ గదే," అంది అవ్వ.

"మొక్కుత. అక్షరం గూడ ఇస్త. నా ఇష్టం."

అవ్వ నోరు తెరిచి నవ్వడం చాలా రోజులకు చూశాను. చెక్కేవాడు నాలుగూ చేరితే గానీ రానన్నాడు. రాయి కింద జాగా కొలిచి పెట్టాను, సరిపోతుంది. నాలుగింట్లో ఒకటి వచ్చింది. ఇంకా మూడు రావాలి.