ఊకలో కుండ

నా చిన్నప్పుడు తిరుపతిలో మాకొక మిఠాయి అంగడి ఉండేది. నాయన చుక్క ముట్టని మనిషి. అయినా ఒక ఏడు ఆయన పొట్ట ముందుకొచ్చి, కుడి డొక్కలో బరువు మొదలైంది. లివరుకు కొవ్వు పట్టిందనీ, నెయ్యీ తీపీ మానాలనీ డాక్టరు చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మూకుడులోంచి తీసిన ప్రతి వాయీ రుచి చూడనిదే నాయనకు చేయి ఆడదు. లివరు మాట విన్నవాళ్లేమో దొంగచాటుగా తాగుతున్నాడని మూతులు తిప్పుకున్నారు. ఆ మాటలు పడలేక అమ్మ వీధి కొళాయి దగ్గరికి పోవడమే మానేసింది.

అమ్మ కబురు పెడితే ఆమె నాయన, మా తాతయ్య, చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చాడు. కలబంద గుజ్జు, నేల ఉసిరి, నల్లబెల్లం కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, వెనక వసారాలో ఊక బస్తాలో పూడ్చాడు. ఆ గుడ్డ బిగించి పట్టుకున్నదాన్ని నేనే. పులిసి మందు కావడానికి ఒక మండలం, అంటే నలభై రోజులు పడుతుందన్నాడు.

"అంతవరకూ నెయ్యి, తీపి ముట్టగూడదప్పా. పొద్దున్నే అలిపిరి దాకా నడిసి రావల్ల. పత్తెం తప్పితే కుండ చెడిపోతాది," అని నాయనకు గట్టిగా చెప్పాడు.

డాక్టరు మాట వినని నాయన కుండకు భయపడ్డాడు. రుచి చూసే పని అమ్మకు అప్పగించాడు. కుండ విప్పే నాటికే పొట్ట తగ్గింది, ముఖం తేటపడింది. పేరు మాత్రం కుండకే వచ్చింది. "ప్రాణం పోసినావు మామా," అని నాయన కాళ్లకు మొక్కితే, తాతయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే నాయన మళ్లీ వాయి వాయికీ గుప్పెడు నోట్లో వేసుకోసాగాడు. అమ్మ అడ్డుపడితే "కుండ ఉండాది గదా!" అనేవాడు. కుండ పెట్టడం తానే నేర్చుకున్నాడు. పథ్యం తప్పినా అది చెడిపోకపోయేసరికి ఇంకా ధైర్యం వచ్చింది. రాత్రి అన్నం తిన్నాక ఒక చిన్న గ్లాసు తాగి, పగలు తిన్నదంతా కడిగేసుకున్నట్టు హాయిగా పడుకునేవాడు.

సంగతి తెలిసి తాతయ్య పరుగున వచ్చాడు. "నిన్ను బాగు చేసింది కుండ కాదప్పా, పత్తెం. నీ నోరు కట్టేదానికే ఆ మాట చెప్పినాను," అన్నాడు. నాయన పగలబడి నవ్వాడు. "మా మామకు ఎంత అణకువో సూడండి!" అని అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

రెండేళ్లు తిరక్కుండానే కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి నాయన పోయాడు. ఊకలో ఇంకో కుండ పులుస్తూనే ఉంది. కర్మ అయిన మర్నాడు తాతయ్య దాన్ని దొడ్లో పారబోసి, అక్కడే కూలబడ్డాడు.

"ముందే నిజం చెప్పింటే మాత్రం ఆయన వినింటాడా నాయనా?" అంది అమ్మ.

"వినిండడు. నన్ను తిట్టింటాడు. తిట్టించుకోనైనా చెప్పాల్సిందమ్మా."

మొన్న నా కొడుక్కి లివరులో కొవ్వుందని తేలింది. పులియబెట్టిన ఆకుల రసమట, ఒక సీసా తెచ్చుకుని పూటపూటా తాగుతున్నాడు. అది పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. మా తాతయ్యకూ తెలియదు. తాగనీ. కానీ వాడి పళ్లెంలోంచి జిలేబీ తీసేసి, వాళ్ల తాత, అంటే మా నాయన, ఎలా పోయాడో ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. వారమైంది నాతో మాట్లాడి. మాట్లాడకపోతే పోయె. బతికుండి నా మీద అలిగితే నాకు అంతే చాలు.