గాలి లేని చోట గాలిమర

మంగళవారం ఉదయం ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ రాలేదన్న ఫిర్యాదుకీ పార్కింగ్ గొడవకీ మధ్య ఒక కబురు వచ్చింది. మా ఎదురింటి అంకుల్ నిద్రలోనే పోయారట. కింద వరుసగా దండాల బొమ్మలు. ఆ వెంటనే ఎవరో, “ట్యాంకర్ ఎప్పుడొస్తుంది?” అని. నాకు ఏడుపు కన్నా ముందు చిరాకు వచ్చింది. ఆయన బతికున్నప్పుడూ అంతే, ఆయన విషయంలో ఏదైనా సరే చిరాకుతోనే మొదలయ్యేది.

ఆయనది అనంతపురం వైపు. గుట్టల మీద గాలి ఎక్కడ బాగా వీస్తుందో కొలిచి, అక్కడ కరెంటు తీసే గాలిమరలు నిలబెట్టడంలోనే ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక, కూతురు నోయిడాలో పనిచేస్తోందని ఆంటీతో కలిసి ఇక్కడికి వచ్చేశారు. నేను గుంటూరు నుంచి వచ్చి, ఆఫీసు చాలదన్నట్టు సొసైటీ కమిటీ సెక్రటరీ పదవిలో ఇరుక్కున్నదాన్ని.

మా ప్రెసిడెంటుకి ఒకసారి మేడ మీద గాలిమర పెట్టించాలని బుద్ధి పుట్టింది. చుట్టుపక్కల ఏ సొసైటీకీ లేదు కాబట్టి పేరొస్తుందని. అంకుల్ ఎగిరి గంతేస్తారనుకుని నేనే వెళ్లి చెప్పాను.

“ఎవరు చెప్పినారమ్మా ఈడ గాలి ఉందని?” అన్నారు.

“గాలి కరెంటు మంచిదని మీరే కదా అంకుల్ పొద్దస్తమానం చెబుతారు!”

“మంచిదే. గాలి ఉండే తావుకు మనం పోవల్ల. మన మిద్దె మీదికి రమ్మంటే వస్తాదా?”

అక్కడితో ఆగితే ఆయన అంకుల్ ఎందుకవుతారు? గాలికి తిరిగే మూడు చిన్న కప్పులున్న పరికరం ఒకటి తెచ్చి మేడ మీద ఇనప గొట్టానికి బిగించారు. నెలల తరబడి రోజూ ఉదయం లెక్క రాసుకున్నారు. కింద నా క్యాబ్ హారన్ కొడుతుంటే, “ఒక్క నిమిషం రామ్మా, సాక్షి ఉండల్ల” అని నన్నూ పైకి లాక్కెళ్లేవారు. ఆయన ఒక్క నిమిషం ఎప్పుడూ పావుగంటే.

మీటింగులో లేచి చెప్పారు. “యహాఁ హవా నహీ హై భయ్యా, ఇక్కడ గాలి లేదు. గాలి ఉండే చోట పెద్ద మరలు పెట్టి, ఆ కరెంటు తీగల మీద తెప్పించుకోండి. కరెంటువాళ్లను అది అడగండి.” ప్రెసిడెంటు నవ్వి, “అంకుల్ జీ, ఆప్ బహుత్ నెగెటివ్ హైఁ” అన్నాడు, ప్రతిదానికీ వద్దంటారని. చేతులెత్తమన్నారు. అందరితోపాటు నేనూ ఎత్తాను. అప్పటికే ఆఫీసుకి ఆలస్యమైంది, గొడవ తెమిలితే చాలనిపించింది.

గాలిమర వచ్చింది. ప్రారంభం రోజు అది కదలకపోతే ఫొటో కోసం ఎలక్ట్రీషియన్ భయ్యా చేత్తో తిప్పాడు. ఆ తర్వాత దాని మొహం చూసింది అంకుల్ ఒక్కరే. వారం వారం ఎక్కి బోల్టులు బిగించేవారు.

“వద్దన్నది మీరే కదా, మీకెందుకండీ ఈ తద్దినం?” అని విసుక్కున్నాను.

“వద్దన్న బిడ్డయినా పుట్టినాక సాకల్ల గదమ్మా.”

మే నెలలో ఒక సాయంత్రం ఆంధీ అనే దుమ్ము తుఫాను వచ్చింది. ఆకాశమంతా గోధుమరంగు దుమ్ము. అన్నాళ్లూ కదలని మర కీచుమని అరుస్తూ తిరగడం మొదలెట్టింది. ప్రెసిడెంటు వీడియో తీసి, “దేఖా? చల్ రహా హై!” అని, చూశారా తిరుగుతోందన్నట్టు, గ్రూపులో పెట్టాడు. అంకుల్ మెట్లెక్కి పరుగు తీస్తున్నారు. తిట్టుకుంటూ వెనకాలే నేను.

“కింద ఆడుకునే పిల్లోళ్లను లోపలికి పంపమని చెప్పు! తొందరగా!” అని అరిచారు.

నేను గార్డుకి ఫోన్ చేస్తుండగానే ఆయన బ్రేకు లీవరు పట్టుకుని లాగారు. అది బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి వేలాడితే గాని దిగలేదు. మర ఆగాక చూస్తే ఒక రెక్క మొదట్లో జానెడు పగులు. అది ఊడితే పడేది సరిగ్గా పిల్లల ఉయ్యాలల మీద.

నా భయమంతా ఆయన మీదే కక్కాను. “ఈ వయసులో మీకేమైనా అయితే ఆంటీకి ఎవరు సమాధానం చెబుతారు?”

ఆయన కనుబొమల్లోంచి దుమ్ము దులుపుకున్నారు. “నువ్వు చెయ్యెత్తినప్పుడు నేను తిట్టినానా?” అన్నారు. తర్వాత నీళ్లడిగారు. నేను చెయ్యెత్తిన సంగతి అంతకు ముందు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. వారంలో మరను దించేశారు.

మొన్న ఆదివారం క్లబ్‌హౌస్‌లో సంతాప సభ. ప్రెసిడెంటు మైకు పట్టుకుని, మన సొసైటీకి గాలిమర తెచ్చిన మహానుభావుడు అంకుల్ జీ అన్నాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. నేను లేవబోయి తటపటాయించాను. ఈలోపు హిందీలో కూరగాయల బేరం దాటి మాట్లాడని ఆంటీ లేచి నిలబడ్డారు.

“నహీ. ఉనో మనా కరే థే,” అన్నారు. ఆయన వద్దన్నారు.

అప్పుడు నేనూ లేచాను. మైకు అడగకుండానే, చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నానని, ఆ సాయంత్రం మేడ మీద జరిగిందంతా చెప్పాను. ప్రెసిడెంటు ఫోన్‌లోకి చూసుకుంటూ ఉండిపోయాడు.

సభ అయ్యాక ఆంటీని ఇంటికి నడిపించుకొస్తున్నాను. భరించలేని ఉక్క. గేటు పక్క వేపచెట్టు దగ్గర ఆవిడ ఆగిపోయి, తల పైకెత్తారు. కొమ్మల్లో ఒక్క ఆకు కదలడం లేదు. చెమట కారుతున్నా తుడుచుకోకుండా, ఆవిడ చాలాసేపు ఆ ఆకుల కేసే చూస్తూ నిలబడ్డారు.